ముళ్ళకొండ మీద పీహెచ్‌డీ

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా రెండయింది. శ్రీశైలం, ఆత్మకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల అటు పోయాయి. వాటితో పాటే నల్లమల కూడా నంద్యాల జిల్లా లెక్కలోకి వెళ్ళింది. ఇటు మిగిలిన ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు ఎవరినైనా మీ దగ్గర అడవి ఎక్కడుందని అడిగితే, మాకు అడవెక్కడిది అని నవ్వేస్తారు. నల్లరేగడిలో పత్తి, ఎర్రనేలలో వేరుశనగ, మధ్యమధ్య బండరాళ్ళ గుట్టలు, వాటి నిండా కంప. ఆ కంపే అడవి. దాని మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకోవచ్చు, ఇక్కడి పిల్లలు తెచ్చుకోవాలి కూడా. అదెలా చేయాలో మొదటి నుంచి చివరి దాకా చెప్పడానికే ఈ వ్యాసం.

అడవుల రకాలను వర్గీకరిస్తూ 1968లో ఛాంపియన్, సేథ్ తయారు చేసిన పుస్తకమే ఇప్పటికీ మన దేశంలో ప్రమాణం. అందులో ఇలాంటి నేలకు దక్షిణ ఉష్ణమండల ముళ్ళ అడవి అని చక్కటి స్థానం ఉంది. కానీ దేశ అటవీ సర్వే లెక్కల్లో చెట్ల పందిరి నూటికి పది పాళ్ళు లేకపోతే దాన్ని అడవి విస్తీర్ణంలో కలపరు, పొదలని వేరే గడిలో రాస్తారు. బంజరు భూముల అట్లాసు తిరగేస్తే అదే పొదల నేల బంజరు కింద కనబడుతుంది. ఇలా ఎవరూ తమదనుకోని నేల మీద ఏం బతుకుతోందో చూడటానికి ఎవరూ వెళ్ళరు. కలివికోడి సంగతి గుర్తు తెచ్చుకోండి. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోవడంతో ఆ పిట్ట అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళకు కడప జిల్లా లంకమల దగ్గర దొరికింది. అది దొరికింది మహారణ్యంలో కాదు, ముళ్ళపొదల్లోనే.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే దేవనకొండ మండలంలోని కప్పట్రాళ్ళ అడవి ఉంది. అక్కడ యురేనియం నిక్షేపాల కోసం బోర్లు వేస్తారన్న వార్తతో 2024 నవంబరులో చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డెక్కాయి. బోర్లు వేయబోమని అధికారులు ప్రకటించాక గొడవ సద్దుమణిగింది. అలాంటి రోజున ఆ అడవిలో ఏ చెట్లున్నాయి, ఎన్నున్నాయి, అవి మళ్ళీ మొలుస్తున్నాయా అని ఎవరైనా అడిగితే చేతిలో కాగితం ఉండాలి. ఆ కాగితం ఒక్క రాత్రిలో తయారుకాదు.

ప్రశ్న కుదిరితే సగం పని అయినట్టే

ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం పూర్తి చేసిన పిల్లలు సాధారణంగా ‘ఫలానా ప్రాంతపు వృక్షసంపద’ అని శీర్షికతో మొదలుపెడతారు. మూడేళ్ళు తిరిగితే ఒక జాబితా వస్తుంది. జాబితా అక్కరకొచ్చేదే, కాదనను. కానీ జిల్లాకు ఆ పని ఒకసారి జరిగింది. ఆర్.ఆర్. వెంకటరాజు, టి. పుల్లయ్య కలిసి రాసిన కర్నూలు జిల్లా వృక్షజాల గ్రంథం 1995లోనే అచ్చయింది. పక్కన అనంతపురం జిల్లాకు పుల్లయ్య, యశోద రాసిన పుస్తకం 1989లో వచ్చింది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పుల్లయ్యగారు, ఆయన శిష్యులు దశాబ్దాల పాటు రాయలసీమ కొండలన్నీ తిరిగి వేసిన పునాది అది. ఇప్పటి విద్యార్థి దాని మీద గోడ కట్టాలి. ఏమేమి ఉన్నాయన్నది తెలిసింది కాబట్టి, అవి ఎలా పుడుతున్నాయి, ఎందుకు ఇక్కడే ఉన్నాయి, ఏవి తగ్గుతున్నాయి అని అడగాలి.

ఉదాహరణకు ఒక ప్రశ్న తీసుకుందాం. గొర్రెలు, మేకలు మేసే గుట్టల మీద చిగర మొలకలు చెట్లయ్యే దాకా నిలుస్తున్నాయా? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ ఇందులో చెట్టు ఉంది, విత్తనం ఉంది, మంద ఉంది, దాన్ని తోలుకెళ్ళే మనిషి ఉన్నాడు. నాలుగేళ్ళ పనికి సరిపోతుంది.

ఈ దశలో గైడు నేర్పాల్సిన అసలు విద్య పోలిక పెట్టడం. మేత ఉన్న గుట్ట ఒకటి, మేత లేని గుట్ట ఒకటి ఎంచుకుని, ఒక్కోదాని మీద ఇరవై ప్లాట్లు వేస్తే నలభై ప్లాట్లయ్యాయని మురిసిపోతాం. నిజానికి చేతిలో ఉన్నది రెండు గుట్టలే. వాటి మధ్య కనిపించిన తేడా మేత వల్ల వచ్చిందో, రాతి తీరు వల్ల వచ్చిందో, ఎండ తగిలే వాలు వల్ల వచ్చిందో, ఎప్పుడో పదేళ్ళ కింద రేగిన నిప్పు వల్ల వచ్చిందో తేల్చలేం. జీవావరణ పరిశోధనల్లో ఈ లోపం ఎంత ఎక్కువగా ఉందో అమెరికన్ శాస్త్రజ్ఞుడు స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఒక వ్యాసంలో ఎత్తి చూపించాడు. దీన్ని తప్పించుకోవాలంటే గుట్టల సంఖ్య పెంచి, ఒక్కో గుట్ట మీద ప్లాట్లు తగ్గించాలి. నాలుగైదు మేత గుట్టలు, నాలుగైదు మేత తక్కువున్న గుట్టలు, ఒక్కోదాని మీద నాలుగు ప్లాట్లు. తిరుగుడు ఎక్కువవుతుంది, పెట్రోలు ఖర్చవుతుంది, కానీ ఫలితం నమ్మదగ్గదవుతుంది. పని మొదలుపెట్టక ముందు ఈ ఒక్క సంగతి మీద రెండు నెలలు వాదించుకున్నా తక్కువే.

చేరే దారి క్లుప్తంగా చెప్తాను. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయాలున్నాయి. రాష్ట్ర స్థాయిలో ఏపీఆర్‌సెట్, దేశ స్థాయిలో సీఎస్ఐఆర్–యూజీసీ నెట్ పరీక్షలు రాయాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. యూజీసీ 2022 నిబంధనల్లో కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు గడువు పెట్టారు. మొదట కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు చదవాలి. ఆ కోర్సువర్కులో గణాంకశాస్త్రాన్ని మొక్కుబడిగా దాటేసిన వాళ్ళు నాలుగో ఏట దాని దగ్గరికే తిరిగొస్తారు.

అడవి మీదే ప్రత్యేకంగా డిగ్రీ చదవాలనుకునే వాళ్ళకు తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల ఉంది. 1906లో పుట్టిన డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ ఇప్పుడు డీమ్డ్ విశ్వవిద్యాలయం. హైదరాబాదు శివారు దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. పరికరాలకు, శిక్షణ శిబిరాలకు వీటి తలుపు తట్టడం మంచిది.

పాత కాగితాల్లో బళ్ళారి

గుట్ట ఎక్కే ముందు పాత సేకరణలు చూడాలి. 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు మద్రాసు రాష్ట్రంలో బళ్ళారి జిల్లా కింద ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో కలిశాయి. కాబట్టి అంతకు ముందు ఎవరైనా ఆదోని కొండల మీద కొమ్మ తెంపి ఎండబెట్టి ఉంటే, దాని చీటీ మీద కర్నూలు అని ఉండదు, బళ్ళారి అని ఉంటుంది. కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియంలో గానీ, హౌరాలోని కేంద్ర హెర్బేరియంలో గానీ కర్నూలు పేరుతో వెతికి ఏమీ లేదనుకుంటే తప్పు మనదే అవుతుంది. 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చిన గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాలం చదివేటప్పుడు కూడా బళ్ళారి అన్న చోటల్లా ఆగి చూసుకోవాలి.

పేర్ల గొడవ మరొకటి. పాత పుస్తకాల్లో అకేసియా అని ఉన్న నల్లతుమ్మ ఇప్పుడు వాచెలియా. సండ్ర సెనెగాలియా అయింది. సర్కారు తుమ్మను ప్రోసోపిస్ నుంచి విడదీసి నెల్టుమా అంటున్నారు. పేరు మారితే చెట్టు మారదు గానీ, పాత పేరుతో కొంత, కొత్త పేరుతో కొంత రాసుకుంటే ఒకే చెట్టు లెక్కలో రెండుసార్లు పడుతుంది. మొదటి రోజే ఒక పట్టిక గీసి పాత పేరు, కొత్త పేరు, ఊళ్ళో పిలిచే పేరు మూడూ పక్కపక్కన రాసి పెట్టుకోవాలి.

గుట్ట దగ్గర

రిజర్వు అడవిలో కొమ్మ తెంపాలన్నా, ప్లాటు వేయాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. దరఖాస్తుతో పాటు గైడు లేఖ, ఏ గుట్టలు, ఏ నెలలు, ఎన్ని నమూనాలు తీస్తారన్నది స్పష్టంగా రాసివ్వాలి. అనుమతి కాపీ ఎప్పుడూ సంచిలో ఉండాలి. బీట్ అధికారిని ముందుగా కలిసి, ఏ దారిన వెళ్తున్నారో చెప్పి వెళ్ళడం మర్యాదే కాదు, భద్రత కూడా. మోకాలి దాకా బూట్లు, చేతిలో కర్ర లేకుండా బండల సందుల్లోకి పోకూడదు. పింజరలు ఉండేది అక్కడే.

ప్లాటు వేయడానికి ముందు ఒక నెల ఊరికే తిరగాలి. ఎవరితో తిరగాలన్నది ముఖ్యం. మందతో గుట్ట మీదే బతికే కాపరిని మించిన గురువు దొరకడు. “బందారాకు మేకన్నా ముట్టదు సారూ” అని ఆయన మామూలుగా అనేస్తాడు. ఆ మాటలో ఒక అధ్యాయం ఉంది. బందారు, తంగేడు పశువులు తినని పొదలు. తినే మొక్కలు ఏళ్ళ తరబడి మేతకు పోతే, ఖాళీ అయిన చోటును తినని మొక్కలు ఆక్రమిస్తాయి. కాబట్టి గుట్ట మీద బందారు, తంగేడు ఎంత పరుచుకున్నాయో చూస్తే ఆ గుట్ట ఎంత మేతకు గురైందో ఒక అంచనాకు రావచ్చు. ఈ మాట చెప్పినాయన పేరు, ఆయన ఒప్పుకుంటే, కృతజ్ఞతల పేజీలో ఉండాలి. ఆయన పని మానుకుని మనతో వస్తే ఆ రోజు కూలి ఇవ్వాలి. రెండో ఆలోచన అక్కర్లేదు.

ఇప్పుడు ప్లాటు. చిన్న గుట్టల మీద 10 మీటర్ల చదరం సరిపోతుంది. చోటును మన కంటికి నచ్చినట్టు ఎంచుకోకూడదు. మంచి చెట్లున్న చోటికే మనసు లాగుతుంది. పటం మీద గళ్ళు గీసి, అంకెలు చీటీల్లా తీసి, వచ్చిన గడి దగ్గరికి జీపీఎస్ పట్టుకుని వెళ్ళాలి. ఆ గడి కలివికంప మధ్యలో పడితే అక్కడే ప్లాటు వేయాలి, పక్కకు జరపకూడదు. చేతులు గీరుకుపోతాయి. ఫర్వాలేదు.

చదరం మూలలు సరిగ్గా లంబంగా రావడానికి పరికరమేమీ అక్కర్లేదు, పన్నెండు మీటర్ల తాడు చాలు. మూడు మీటర్ల దగ్గర ఒక ముడి, ఏడు మీటర్ల దగ్గర ఇంకో ముడి వేయాలి. తాడు రెండు కొసలూ కలిపి ఒకరు పట్టుకుంటారు, ఒక్కో ముడి దగ్గర ఒక్కొక్కరు. ముగ్గురూ బిగించి లాగితే మూడు, నాలుగు, అయిదు మీటర్ల భుజాల త్రిభుజం వస్తుంది. మూడు, నాలుగు కలిసే మూల లంబకోణం. అక్కడ మేకు దిగ్గొట్టి, రెండు వైపులా పది మీటర్లు కొలుచుకుంటూ పోవాలి. గుట్ట వాలుగా ఉంటుంది కాబట్టి టేపును నేల మీద పరిచి కొలిస్తే ప్లాటు చిన్నదైపోతుంది. వాలు 20 డిగ్రీలుంటే, సమతలంలో పది మీటర్లు రావడానికి నేల మీద 10.64 మీటర్లు పోవాలి. లేదా టేపును గాలిలో అడ్డంగా పట్టుకుని మెట్లుమెట్లుగా దిగుతూ కొలవాలి.

చెట్టు లావును రొమ్ము ఎత్తులో, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర కొలవడం మన దేశపు అటవీ శాఖల పద్ధతి. టేకు చెట్టుకు ఇది సుళువు. చిగరకు, సండ్రకు, అంకుడుకు కాదు. నరికిన మొదలు నుంచి మళ్ళీ చిగురించి, నాలుగైదు కాండాలుగా చీలి పెరిగిన చెట్లే ఇక్కడ ఎక్కువ. ప్రతి కాండాన్నీ విడిగా కొలవాలి. తర్వాత వాటిని ఊరికే కూడకూడదు. ఒకే చెట్టుకు 12 సెంటీమీటర్ల కాండం ఒకటి, 16 సెంటీమీటర్ల కాండం ఒకటి ఉన్నాయనుకుందాం. కూడితే 28 అవుతుంది. కానీ చెట్టు ఆక్రమించిన అడ్డుకోత వైశాల్యం చుట్టుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది. 144, 256 కలిపితే 400, దాని వర్గమూలం 20. అంటే ఈ చెట్టు 20 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న ఒంటి కాండం చెట్టుకు సమానం. 28 అని రాస్తే దాని వైశాల్యం దాదాపు రెట్టింపు చూపించినట్టు. ఇలాంటి పొరపాటు వందల చెట్లలో జరిగితే, బక్కచిక్కిన గుట్ట కూడా కాగితం మీద దట్టమైన అడవి అవుతుంది.

పొదలకు అదే ప్లాటులో 5 మీటర్ల చదరాలు రెండు, గడ్డి, మొలకలకు మీటరు చదరాలు నాలుగైదు వేస్తారు. మనం పెట్టుకున్న ప్రశ్నకు ఆ మీటరు చదరాలే ప్రాణం. ప్రతి మొలకకూ ఎత్తు, ఆకుల సంఖ్య, కొరికిన గుర్తు ఉందా లేదా రాయాలి. పక్కన రంగు పూసిన కమ్మీ గుచ్చి అంకె వేయాలి. చెట్లకు అల్యూమినియం బిళ్ళ కట్టేటప్పుడు తీగ వదులుగా ఉండాలి, చెట్టు లావెక్కితే బిగుసుకుంటుంది.

కొమ్మ కాగితమయ్యే తీరు

ప్లాటులో కనిపించిన ప్రతి జాతికీ సాక్ష్యంగా ఎండబెట్టిన నమూనా ఉండాలి. అది లేని పేరు వట్టి మాట. పువ్వు, కాయ రెండూ ఉన్న కొమ్మ దొరికితే మేలు, జానెడున్నర పొడవు చాలు. ఒక్కో జాతికి మూడు నాలుగు కొమ్మలు తీసి, అన్నింటికీ ఒకే సేకరణ సంఖ్య కట్టాలి. ఎండితే పోయే సంగతులన్నీ అక్కడే పుస్తకంలో రాసేయాలి. పువ్వు రంగు, వాసన, తెంపితే పాలు కారాయా, బెరడు ఎలా ఉంది, ఏ రాతి పక్కన ఉంది. సాయంత్రం గదికొచ్చాక రాద్దామనుకుంటే పసుపుకూ లేత పసుపుకూ తేడా గుర్తుండదు.

కొమ్మను పాత దినపత్రికల మధ్య పరిచి, ఒక ఆకును మాత్రం తిరగేసి వెనక వైపు కనబడేలా పెట్టాలి. ఆకు అడుగునుండే నూగు చాలా జాతులకు గుర్తు. దాన్ని చెక్క ప్రెస్సులో బిగించి, మొదటి నాలుగైదు రోజులు రోజూ కాగితాలు మార్చాలి. ఈ మార్చడంలోనే నేర్పు తెలుస్తుంది. మొదటి మార్పులో ఆకు ఇంకా మెత్తగా ఉంటుంది, మడతలు సరిచేయడానికి అదే చివరి అవకాశం. రెండో రోజుకు పెళుసెక్కుతుంది. ఎండాకాలంలో ఆదోని వేడికి వారంలో పని అయిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో బూజు పడుతుంది, అప్పుడు బల్బు వేడి పెట్టాల్సిందే.

అన్ని మొక్కలూ ఇలా లొంగవు. బండల మీద పెరిగే కుందేటికొమ్ములు నీళ్ళు దాచుకునే మొక్క. ప్రెస్సులో పెట్టినా వారాల తరబడి బతికే ఉంటుంది, చీకట్లోనే పెరిగి వంకర తిరుగుతుంది. దాన్ని ముందు మరిగే నీళ్ళలో ముంచి తీయాలి, లేదా నిలువుగా చీల్చి లోపలి గుజ్జు తీసేయాలి. దాని పువ్వులను కొన్ని సీసాలో స్పిరిట్‌లో వేసుకోవాలి, ఎండితే వాటి లోపలి కట్టడం అర్థంకాదు.

ఎండిన కొమ్మను సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దళసరి అట్ట మీద దారంతో కుట్టి, కింద కుడి మూల చీటీ అంటిస్తారు. పూర్వం పురుగు పట్టకుండా పాదరసపు ద్రావణంలో ముంచేవాళ్ళు. అది మనిషికి విషం. ఇప్పుడు సున్నాకు 20 డిగ్రీల కింద డీప్‌ఫ్రీజరులో కొన్ని రోజులు ఉంచితే సరిపోతుంది. పాత పెట్టెలు తెరిచే విద్యార్థులు మాత్రం చేతి తొడుగులు వేసుకోవాలి, ఆ పాదరసం ఇంకా అక్కడే ఉంటుంది. ఒక కాపీ సొంత విశ్వవిద్యాలయానికి, ఒకటి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు హెర్బేరియానికి, ఒకటి హైదరాబాదులోని భారత వృక్ష సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రానికి ఇవ్వడం మంచి పద్ధతి. ఒకచోట చెద పట్టినా ఇంకోచోట ఉంటుంది.

మంద దొడ్డిలో విత్తనం

చెట్టు ఎప్పుడు చిగురిస్తుంది, ఎప్పుడు పూస్తుంది, కాయ ఎప్పుడు పగులుతుంది అన్నది పక్షానికోసారి చూడాలి. ఒక్కో జాతికి పది చెట్లు, అవే చెట్లు. ఆకు, మొగ్గ, పువ్వు, కాయ ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా అంకె వేస్తారు. పావు భాగం లోపు ఉంటే ఒకటి, ముప్పాతికకు పైన ఉంటే నాలుగు. ఏప్రిల్లో గుట్టంతా మోడై ఉన్నప్పుడు వరసగా సున్నాలు రాయడానికి విసుగొస్తుంది. ఆ సున్నాలు లేకపోతే చిగురు ఏ పక్షంలో వచ్చిందో చెప్పలేం. తొలకరికి వారం ముందే చిగురించే చెట్లుంటాయి, వాన పడితే గాని కదలనివీ ఉంటాయి. మామూలు ఏడాదిలో 700 మిల్లీమీటర్లు కూడా దాటని వానతో బతికే నేలలో ఈ తేడా చాలా పెద్ద విషయం.

ఇక విత్తనం. చిగర, సండ్ర, నల్లతుమ్మ అన్నీ చిక్కుడు కుటుంబంవి. గింజ పైపొర గట్టిగా ఉండి నీళ్ళు లోపలికి పోనివ్వదు. ఇది లోపం కాదు, ఒక్క వానకు మోసపోయి మొలిచి మాడిపోకుండా కాచుకునే ఏర్పాటు. ప్రయోగానికి ముందు గింజలను పళ్ళెంలో పోసి ఒక్కొక్కటే చూడాలి. గుండుసూది మోపినంత గుండ్రటి రంధ్రం ఉంటే లోపలున్న పప్పు పురుగు తినేసి బయటపడిందన్న మాట. ఎన్నింటికి రంధ్రాలున్నాయో లెక్క రాసి వాటిని వేరు చేయాలి. చాలాసార్లు ఆ లెక్కే ఆశ్చర్యపరుస్తుంది. మొలక తగ్గడానికి మేక కంటే ముందు పురుగు కారణమని తేలవచ్చు.

మిగిలిన మంచి గింజల్లో ఒక భాగాన్ని ఏమీ చేయకుండా ఉంచాలి. ఒక భాగాన్ని మరిగించి దించిన నీళ్ళలో వేసి చల్లారే దాకా వదిలేయాలి. ఒక భాగాన్ని గరుకు కాగితంతో రుద్దాలి. నాలుగో భాగం మంద దొడ్డి నుంచి రావాలి. మేకలు పగలు తుమ్మకాయలు తిని, రాత్రి నెమరేసేటప్పుడు చాలా గింజలు ఉమ్మేస్తాయి. కొన్ని పెంటికల్లో వస్తాయి. పొద్దున్నే దొడ్డి ఊడ్చే ముందు వెళ్తే దోసిళ్ళ కొద్దీ దొరుకుతాయి. పెంటికలను నానబెట్టి జల్లెడలో కడిగి గింజలు ఏరుకోవాలి. ఒక్కో రకానికి వంద గింజల చొప్పున నాలుగు జట్లు, తడి ఇసుక ట్రేలలో. నెల రోజులు రోజూ అదే వేళకు మొలకలు లెక్కపెట్టాలి.

ఈ పోలికలో సర్కారు తుమ్మను కూడా పెట్టాలి. మన వైపు కంపచెట్టంటే అదే. దాని విత్తనం తెప్పించమని మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ కోరగా, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. దేశంలో దానికి అదే తొలి నాటుగా చెప్తారు. కట్టెల కరువు తీర్చడానికి తెచ్చిన ఆ చెట్టు ఇవాళ చెరువు గట్లు, వంకలు, బీళ్ళు అన్నీ కమ్మేసింది. దాని కాయ తియ్యగా ఉంటుంది. గొర్రె, మేక, చేలలో తిరిగే కృష్ణజింక అన్నీ తింటాయి, అన్నీ గింజలు మోస్తాయి. ఒకే పేడలో చిగర గింజలెన్ని, సర్కారు తుమ్మ గింజలెన్ని, వాటిలో మొలిచేవెన్ని అన్నది తేలిస్తే, రాబోయే ఇరవై ఏళ్ళలో ఈ గుట్ట ఎవరిదో ఒక అంచనా దొరుకుతుంది. గుట్టను మళ్ళీ సొంత చెట్లతో నింపాలనుకునే అటవీ శాఖకు కూడా ఏ విత్తనాన్ని ఎలా తయారు చేసి చల్లాలో తెలుస్తుంది.

లెక్క, రాత, అప్పగింత

కొలతల నుంచి సాంద్రత, ఎన్ని ప్లాట్లలో కనబడింది, ఎంత వైశాల్యం ఆక్రమించింది అన్న మూడు లెక్కలు తీసి, ఒక్కోదాన్ని శాతంగా మార్చి కూడితే ఆ జాతి ప్రాధాన్య సూచిక వస్తుంది. అన్ని జాతులదీ కలిపితే 300 రావాలి. రాకపోతే ఎక్కడో అంకె తప్పింది. అక్కడితో ఆగిపోయే సిద్ధాంత గ్రంథాలు చాలా చూశాను, నాకు అవి తృప్తినివ్వవు. మేతకూ మొలకకూ సంబంధం ఉందా అన్న అసలు ప్రశ్నకు గుట్టను ఒక మెట్టుగా, ప్లాటును దాని లోపలి మెట్టుగా పెట్టి లెక్కించే గణాంక పద్ధతులు కావాలి. ‘ఆర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అవన్నీ ఉన్నాయి.

ఇప్పటి యూజీసీ నిబంధనల్లో పత్రికల్లో వ్యాసం అచ్చవ్వాలన్న షరతు తప్పనిసరి కాదు. అయినా ఒక్కటైనా మంచి పత్రికకు పంపాలి. తెలియని వాళ్ళు మన పనిని ప్రశ్నించడం కూడా శిక్షణలో భాగమే. ఆ తర్వాత సినాప్సిస్, కాపీ పరీక్ష, బయటి పరీక్షకుల నివేదికలు, బహిరంగ వైవా. ఆమోదం పొందిన గ్రంథం శోధ్‌గంగ భాండాగారంలోకి చేరుతుంది.

గ్రంథం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, ప్రతి గుట్టకూ తెలుగులో నాలుగు పేజీల నివేదిక వేరే రాయాలి. ఊళ్ళో పిలిచే పేర్లతో చెట్ల జాబితా, మొలకలు నిలిచిన చోట్లు, తగ్గిన చోట్లు, చేయదగ్గ పనులు అందులో ఉండాలి. ఒక కాపీ పంచాయతీ జీవవైవిధ్య కమిటీకి, ఒకటి బడికి, ఒకటి రేంజి ఆఫీసుకు, ఒకటి దారి చూపిన కాపరి ఇంటికి.

విశ్వవిద్యాలయంలోని మన శాఖకు అప్పగించే కట్ట ఇంకొకటి. ప్రతి ప్లాటు నాలుగు మూలల జీపీఎస్ అంకెలు, ఒక్కో మూల నుంచి నాలుగు దిక్కులా తీసిన ఫొటోలు, బిళ్ళ సంఖ్యలతో చెట్ల పట్టిక, ముడి కొలతల ఫైలు, ఫీల్డు పుస్తకాల నకళ్ళు. ఫోను పోయినా దారి దొరికేలా, మేకు దగ్గరికి రోడ్డు నుంచి ఎలా నడవాలో చేత్తో గీసిన పటం ఒకటి దానికి జతచేయాలి. అయిదేళ్ళ తర్వాత అదే గుట్ట మీద చేరే విద్యార్థి అవే చెట్లను మళ్ళీ కొలిచినప్పుడే ఏవి పెరిగాయో, ఏవి పోయాయో తెలుస్తుంది. అందుకని ఈ కట్ట ఇవ్వకుండా గైడు చివరి సంతకం పెట్టకూడదు.